సినిమా పాటలు వినబుద్ధి కావట్లేదు, తెలుగులో సొంతంగా పాట కట్టుకుని పాడేవాళ్ళు ఎవరున్నారు?

గోదారి గట్టు:

సూటిగా అడిగేస్తున్నా. సినిమాతో సంబంధం లేకుండా, ఏ హీరో కోసమో కాకుండా, తన పాట తను రాసుకుని పాడుకునేవాళ్ళు మన తెలుగులో ఎవరున్నారు? పేర్లు చెప్పండి, కూర్చుని వింటాను. హిందీలో ప్రతీక్ కుహాడ్, అనువ్ జైన్ తెలుసు, తమిళంలో అరివు, మలయాళంలో తైక్కుడం బ్రిడ్జ్ కూడా విన్నాను కాబట్టి ఆ లిస్టు వద్దు.

ఎందుకంటే ఈ మధ్య కొత్త సినిమా పాట ఏది పెట్టినా నిమిషం దాటి వినలేకపోతున్నా. పాట రాకముందే ప్రోమో, ఆ ప్రోమో ఎప్పుడొస్తుందో చెప్పడానికి ఒక పోస్టర్, ఆ తర్వాత లిరికల్ వీడియో, అందులో హీరో స్టెప్పు ముక్క, రెండో రోజుకల్లా నా ఫోన్ నిండా అందరూ అదే స్టెప్పు. పాట మొత్తం ఆ పదిహేను సెకన్ల కోసమే కట్టినట్టు ఉంటుంది. అది అయిపోయాక మిగతా రెండున్నర నిమిషాలు వినేవాడికి పట్టదు, అసలు చేసినవాళ్ళకైనా పట్టిందా అని నా డౌటు. గొంతునేమో చెక్కీ చెక్కీ ఎవరు పాడారో పోల్చుకోలేనంత నున్నగా చేసి పెడుతున్నారు.

మొన్నామధ్య ఒక ఫ్రెండ్ బంజారాహిల్స్‌లో లామకాన్‌కి (పాటలు, నాటకాలు లాంటి కార్యక్రమాలు జరిగే చోటు) లాక్కెళ్ళాడు. నిజం చెప్పాలంటే సమోసా, ఇరానీ చాయ్ కోసమే వెళ్ళా. అక్కడ ఒకబ్బాయి, పాతికేళ్ళు కూడా ఉండవు, గిటార్ పట్టుకుని ఒక పాట ఎత్తుకున్నాడు. పీజీ హాస్టల్లో ఉన్న కొడుక్కి రాత్రి పదకొండింటికి నాన్న ఫోన్ చేస్తాడు, 'తిన్నావా' అంటాడు, 'తిన్నా' అంటాడు కొడుకు, ఆ తర్వాత ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలీక ఎవరు ముందు పెట్టేయాలా అని ఎదురుచూస్తుంటారు. అంతే పాట. రెండో చరణంలో శ్రుతి జారింది, ఒకచోట మాట మర్చిపోయి నవ్వేసి మళ్ళీ అందుకున్నాడు. అయినా ఎవ్వరూ కదల్లేదు. నా పక్కన కూర్చున్న పెద్దాయన చేతిలో చాయ్ అలాగే చల్లారిపోయింది. తర్వాత వెళ్ళి అడిగితే ఆ పాట ఎక్కడా పెట్టలేదన్నాడు, రికార్డు చేయడానికి డబ్బులు చూసుకుంటున్నాడట.

ఇదంతా ఆఫీసులో చెబితే 'ఓవర్ చేయకు, పాటంటే పాటే కదా' అన్నారు. నాకొక్కడికేనా ఇలా అనిపిస్తోంది?

హుస్సేన్ సాగర్ బ్రో:

ఒక్కడివే కాదు, ఇక్కడ చాలామందిమి ఉన్నాం. చౌరస్తా బ్యాండ్‌తో మొదలుపెట్టు, హైదరాబాద్ వాళ్ళే, పల్లె మాటా రెగే బీటూ కలిపి కొడతారు. రాక్ కావాలంటే కాప్రీసియో. చౌరస్తాలో ఉన్న రామ్ మిరియాల 2020 కరోనా టైమ్‌లో చేతులెత్తి మొక్కుతా అని పాడింది మా వీధి మైకులో కూడా వేశారు. ఆ తర్వాత ఏడాదికి 'జాతిరత్నాలు'లో పాడాడు, 2022లో 'డీజే టిల్లు' టైటిల్ సాంగ్ తనే కట్టి తనే పాడాడు. అంటే ఇండిపెండెంట్‌గా పేరొచ్చిన మరుక్షణం సినిమావాళ్ళు వచ్చి ఎత్తుకెళ్తారన్నమాట. తప్పని అనట్లేదు, అతని గొంతు అక్కడ కూడా అతని గొంతులాగే ఉంది. కానీ బ్యాండ్‌లో విన్నప్పటి అల్లరి వేరే.

రేడియో మావయ్య:

బాబూ, నువ్వు కొత్తవాళ్ళ పేర్లు అడిగావు, నేను పాతవాళ్ళ సంగతి చెబుతాను, విసుక్కోకు. సినిమాకి బయట పాట అనేది గిటార్ కుర్రాళ్ళతో మొదలవ్వలేదు. మా చిన్నప్పుడు ఇంట్లో సినిమా పాటకి సమానంగా ఇంకో పాట మోగేది, దాన్ని లలిత సంగీతం అనేవాళ్ళం. విజయవాడ రేడియో స్టేషన్ 1948 డిసెంబరులో మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు గారు రాసేవారు, వరస కట్టేవారు, పాడేవారు, ఎదుటివాళ్ళకి నేర్పి పాడించేవారు. ఈ రోజు మీరు సింగర్ సాంగ్‌రైటర్ అంటున్నారే, ఆయన ఆ పని పంచె కట్టుకుని ప్రభుత్వ జీతం మీద చేశారు. 2018లో, తొంభై ఎనిమిదేళ్ళ వయసులో పోయారు.

'ఈ మాసపు పాట' అని ఒక కార్యక్రమం ఉండేది. నెలంతా ఒకే పాట నేర్పేవాళ్ళు. మా అక్కయ్య నోట్‌బుక్ పెట్టుకుని సాహిత్యం రాసుకునేది, ఒక లైను వినపడకపోతే మళ్ళీ వేసేదాకా ఖాళీ వదిలేసేది. ఆ పాటకి స్టెప్పు లేదు, సీను లేదు, హీరోయిన్ లేదు. నెల తిరిగేసరికి వీధిలో అందరికీ వచ్చేసేది.

హైదరాబాద్ కేంద్రంలో పాలగుమ్మి విశ్వనాథం గారు, మహాభాష్యం చిత్తరంజన్ గారు ఉండేవారు. విశ్వనాథం గారు ఆడపిల్ల మీద రాసి వరస కట్టిన పాట వేదవతీ ప్రభాకర్ గారి గొంతులో విను. ఎక్కడా గొంతు పెంచరు. వీణ, వేణువు, తబలా, అంతకు మించి పెద్ద హంగామా ఏమీ ఉండదు. మా ఇంట్లో అది వచ్చినప్పుడు వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగేది, ఎందుకో నాకు అప్పుడు అర్థమయ్యేది కాదు, మా అమ్మాయిని కాపురానికి పంపాక అర్థమైంది.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే గ్రామఫోన్ రికార్డులు. సాలూరి రాజేశ్వరరావు గారు, రావు బాలసరస్వతీదేవి గారు సినిమాతో పని లేకుండా ఇచ్చిన ప్రైవేటు రికార్డులు ఉన్నాయి. వాళ్ళిద్దరూ సినిమాలోనూ పెద్దవాళ్ళే. అప్పట్లో ఒకే మనిషి అక్కడా ఇక్కడా పాడేవాడు, జనం రెండూ వినేవాళ్ళు. ఇప్పుడు రెండోది వినేవాళ్ళు తగ్గిపోయారు, అదీ తేడా. ఈ రికార్డింగులు చాలావరకు యూట్యూబ్‌లో అభిమానులు ఎక్కించినవి దొరుకుతాయి, చప్పుడు కొంచెం గరగరలాడుతుంది, ఓర్చుకో.

పాలమూరు పోరడు:

మావయ్య గారు మంచిగ చెప్పిన్రు కానీ రేడియో దాకా రాని పాట సంగతేంది? ఇండిపెండెంట్ అనంగనే అందరు కేఫ్‌లో గిటారే చూస్తరు. మా దిక్కు ఇండిపెండెంట్ మ్యూజిక్ వందల ఏండ్ల సంది ఊరూరు తిరుగుతనే ఉంది, ఎవ్వడు టికెట్ కొనలేదు, దోసెడు బియ్యం ఏసిన్రు, అంతే.

దర్శనం మొగులయ్య, మా నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల దిక్కు. పన్నెండు మెట్ల కిన్నెర ఆయన చేతిల ఉంటది. వెదురు, ఎండిన సొరబుర్రలు, తేనెమైనం, తీగలు, ఇగ గంతే దాని సామాను. పండుగ సాయన్న కథ, మియాసాబ్ కథ పాడుతడు. పండుగ సాయన్న అంటే ఉన్నోని దగ్గర గుంజి లేనోనికి పెట్టిన మనిషి. ఆ కథలు పుస్తకాలల్ల రాకముందే కిన్నెర మీద ఉన్నయ్. 2021ల 'భీమ్లా నాయక్' పాట ముంగట ఆయన గొంతు వినబడంగనే అందరికి తెలిసిండు, తర్వాతి ఏడాది పద్మశ్రీ వచ్చింది. మరి 2024ల అదే మొగులయ్య కూలి పనికి పోతున్న ఫొటోలు పేపర్ల వచ్చినయ్ కదా. పద్మశ్రీ ఉన్నోని పరిస్థితే అట్లుంటే పద్మశ్రీ లేనోళ్ళు ఎంతమంది ఉంటరో ఆలోచించున్రి. సినిమాల ఆయన గొంతు అర నిమిషం ఉన్నదో లేదో, ఆ అర నిమిషం ఇన్నోళ్ళల్ల ఎంతమంది పూర్తి కథ ఎతికి ఇన్నరు?

నారాయణపేట జిల్లా దామరగిద్ద దాసరి కొండప్ప, బుర్రవీణ. 2024ల పద్మశ్రీ. తత్వాలు పాడుతడు. రాత్రి పూట హెడ్‌ఫోన్ పెట్టుకొని ఇను. వీణ మీద ఒక్కటే వరుస తిరిగి తిరిగి వస్తుంటది, మొదాల బోర్ అనిపిస్తది, పది నిమిషాలు అయినంక నీ ఊపిరి గా వరుస మీదనే నడుస్తుంటది. గిది ప్లేలిస్టుల పెడితే పని చెయ్యది, మూడు నిమిషాలల్ల ఏం కాదు.

గోరటి వెంకన్న గురించి చెప్పనక్కర్లేదు కానీ చెప్త. పల్లె ఎట్ల ఆగమైందో ఆయన రాసిన పాట 'కుబుసం'ల (2002) పెట్టిన్రు. సినిమా ఎంతమంది చూసిన్రో తెల్వదు, పాట మాత్రం చదువురానోళ్ళకు సుత నోటికొచ్చు. సభలల్ల గజ్జె కట్టి ఎగురుకుంట పాడంగ చూసినోళ్ళకు తెలుస్తది, ఆయనకు మైకు అడ్డం. గద్దర్ కూడా అంతే, 'మా భూమి'ల బండి యాదగిరి పాట పాడినప్పుడు ఆయన సినిమా సింగర్ లెక్క కనపడడు, సినిమానే ఆయన మీటింగ్‌కు వచ్చినట్టు ఉంటది.

ఇంకో మాట. జానపదం పేరుతోని యూట్యూబ్‌ల వచ్చేదంత మనసు పాట కాదు. అది కూడా ఒక ఇండస్ట్రీ అయింది. ఒకే పొలం గట్టు, ఒకే లంగా ఓణి, డ్రోన్ షాట్, బావ మరదలు. కొన్ని బాగుంటయ్, ఒప్పుకుంట, పెండ్లిల్ల నేను సుత ఎగురుత. కానీ సినిమా లేదు కాబట్టి నిజాయితీ ఉన్నట్టే అనుకుంటే మోసపోతవ్.

కీబోర్డు కిట్టయ్య:

నేను కొంచెం అడ్డం మాట్లాడతా, తిట్టుకోకండి.

సినిమా పాటలో మనసు ఉండదని ఎవరన్నారు? సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు 1986 నుంచి పోయేవరకు రాసింది సినిమాకే కదా. నిర్మాత డబ్బుకి, దర్శకుడు చెప్పిన సీనుకి, ఎవరో ఇచ్చిన ట్యూన్‌కి రాశారు. ఆ సంకెళ్ళు అన్నీ ఉండగా రాసిన లైన్లు పట్టుకుని చావకుండా నిలబడిన కుర్రాళ్ళు నాకు తెలుసు. మరి వాటిని కమర్షియల్ అని తీసి పక్కన పెడతారా? ఇళయరాజా రోజుకి ఎన్ని పాటలు రికార్డు చేసేవారో మీకూ తెలుసు, గడియారం పెట్టుకుని పనిచేసే మనిషి, అయినా ఆ వయొలిన్లు వింటే గుండె పట్టేస్తుంది. గడువు, డబ్బు, ఆర్డరు ఉన్నంత మాత్రాన మనసు లేనట్టు కాదు.

ఇండిపెండెంట్ వాళ్ళ సంగతి చూద్దాం. సగంమందిది ఒకటే గిటార్ ప్యాటర్న్, ఒకటే వాన, ఒకటే బ్రేకప్, ఇంగ్లిష్‌లో ఆలోచించి తెలుగులో పెట్టిన మాటలు. 'నీ నీడలో నే కరిగిపోయా' లాంటివి. ఎవరైనా నీడలో కరుగుతారా? ఎండలో కరుగుతారు గానీ. శ్రుతి జారితే అది నిజాయితీ, సినిమావాడు జారితే అది చేతగానితనం, ఇదెక్కడి న్యాయం? అన్నగారూ, మీరు ఆ అబ్బాయి పాటకి కదిలిపోయారు, సంతోషం, కానీ మీరు కదిలింది అతను చిన్న బల్ల మీద మీకు ఆరడుగుల దూరంలో కూర్చుని పాడాడు కాబట్టి కూడా. అదే పాట బస్సులో ఇయర్‌ఫోన్‌లో వింటే?

పాలమూరు తమ్ముడూ, నువ్వు 'బలగం' పేరు ఎందుకు తీయలేదు? 2023లో అది పెద్ద నిర్మాత తీసిన ఫక్తు సినిమా. అందులో చివర బుడగ జంగాల దంపతులు, మొగిలయ్య (నువ్వు చెప్పిన కిన్నెర మొగులయ్య కాదు, వేరే ఆయన), కొమురమ్మ పాడిన పాట విని ఊళ్ళకి ఊళ్ళు తెరలు కట్టుకుని సినిమా చూశాయి, విడిపోయిన అన్నదమ్ములు కలిశారని వార్తలు కూడా వచ్చాయి. నువ్వు చెప్పే పాటని అంతమంది దగ్గరికి మోసుకెళ్ళింది ఎవరు మరి?

పాలమూరు పోరడు:

కిట్టయ్య అన్నా, 'బలగం' నాకు కూడా పాణం. మా అమ్మ థియేటర్ల ఏడ్చుడు చూసిన. కానీ ఆ పాట సినిమా పుట్టించలేదు, చావైన ఇంటికి పోయి పాడుడు వాళ్ళ కులవృత్తి, సినిమా పోయి తెచ్చుకున్నది. తెచ్చుకున్నోళ్ళు పేరు పెట్టి, ముఖం చూపెట్టి తెచ్చుకున్నరు, అది గొప్ప. అన్ని సార్లు అట్ల కాదు. 'లవ్ స్టోరీ' సినిమాల 'సారంగ దరియా' పాట 2021ల వచ్చినప్పుడు ఏమైందో యాదికి తెచ్చుకో. ఆ జానపదం నేను ఊర్లల్ల తిరిగి సేకరించి టీవీల పాడిన అని వరంగల్ దిక్కు ఒక గాయని బయటికొచ్చి మాట్లాడితే తప్ప ఆమె ఉన్నదని ఎవ్వలికి తెల్వదు. తర్వాత దర్శకుడు క్రెడిట్ ఇస్తమని చెప్పిండు, మంచిదే. ఆమె నోరు ఇప్పకపోతే?

గోదారి గట్టు:

కిట్టయ్య గారూ, బస్సులో ఇయర్‌ఫోన్ సంగతి పాయింటే. సిరివెన్నెల గారిని నేను పక్కన పెట్టలేదండీ, ఆయన్ని ఎవరు పెడతారు. నా గొడవ సినిమా అన్న దాని మీద కాదు, పాట చేస్తున్నప్పుడు వింటున్న మనిషి వాళ్ళకి గుర్తున్నాడా లేక ఫోన్ తిప్పే బొటనవేలు గుర్తుందా అన్నదాని మీద. నీడలో కరగడం దెబ్బకి మాత్రం నవ్వాపుకోలేకపోయా.

మావయ్య గారూ, మీరు చెప్పిన పాట రాత్రి విన్నాను. ఇంట్లో మా ఆవిడ ఎవరిదండీ ఇది అని గది బయటికొచ్చింది. ఇంకొన్ని పంపండి.

ట్రాక్ సింగర్:

నేను రెండు వైపులా ఉన్నవాణ్ణి, అందుకే రాస్తున్నా. సినిమాలకి కోరస్ పాడతా, ట్రాక్‌లు పాడతా, సొంత పాటలు నాలుగైదు బయట పెట్టుకున్నా. మీరు వినే ఫైనల్ గొంతుకి ముందు నాలాంటి ఒకడు ఆ పాట మొత్తం పాడి ఉంటాడు, పెద్ద సింగర్ అది విని తన స్టైల్లో పాడతాడు. ఒక్కోసారి ముగ్గురి చేత పాడించి ఒకరిది ఉంచుతారు, మిగతా ఇద్దరికీ పాట రిలీజయ్యాక తెలుస్తుంది తమది తీసేశారని. ఇందులో ఎవరికీ చెడు ఉద్దేశం ఉండదు, పద్ధతి అంతే. బూత్‌లో నిలబడినప్పుడు సీను ఏంటో కూడా చాలాసార్లు చెప్పరు. 'కొంచెం హ్యాపీగా, ఎనర్జీ పెంచు' అంటారు. ఎవరి హ్యాపీ, ఎందుకు హ్యాపీ అన్నది మనం ఊహించుకోవాలి.

సొంత పాటకి వచ్చేసరికి సీను తెలుసు, డబ్బులే లేవు. లెక్క చెబుతా. గిటార్, ఒక వేణువు, గొంతు, ఇంతే పెట్టినా స్టూడియో టైము, వాయించినవాళ్ళకి ఇవ్వాల్సింది, మిక్సింగ్, మాస్టరింగ్ కలిపి తక్కువలో తక్కువ ఇరవై పాతిక వేలు అవుతోంది నాకు. వీడియో ఊసే ఎత్తట్లేదు. స్పాటిఫైలోకి నేరుగా పెట్టలేం, డిస్ట్రిబ్యూటర్ కంపెనీ ద్వారా వెళ్ళాలి, వాళ్ళకి ఏటా ఫీజో, వాటానో ఇవ్వాలి. పైగా 2024 నుంచి స్పాటిఫై రూలేంటంటే, గత పన్నెండు నెలల్లో కనీసం వెయ్యి స్ట్రీమ్‌లు రాని పాటకి పైసా రాదు. వెయ్యి దాటినా అక్కడ డబ్బు పంచే పద్ధతి ఎలాగంటే, అందరి చందా ఒక కుండలో పోసి మొత్తం స్ట్రీమ్‌లలో ఎవరి వాటా ఎంతో చూసి ఇస్తారు. అంటే మీరు నెలంతా నా పాటే విన్నా మీ చందా నాకు రాదు, ఎక్కువ భాగం మీరు ఎన్నడూ వినని పెద్ద పాటలకి పోతుంది. ఇది తెలిశాక నేను స్ట్రీమ్‌ల లెక్క చూసుకోవడం మానేశా, బీపీ తగ్గింది.

పాటలు నేరుగా అమ్ముకునే సైటు బ్యాండ్‌క్యాంప్ కొంచెం నయం. డిజిటల్ అమ్మకం మీద 15 శాతం వాళ్ళు తీసుకుంటారు, పేమెంట్ ఖర్చులు పోను మిగతాది మనకే. 2020 మార్చి నుంచి బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే అని కొన్ని శుక్రవారాలు పెట్టి ఆ 15 శాతం కూడా వదిలేస్తున్నారు. కానీ మనవాళ్ళకి పాట కొనడం అలవాటు పోయింది. క్యాసెట్ కొన్న చేత్తో ఇప్పుడు రెండొందలు పాటకి పెట్టమంటే 'యూట్యూబ్‌లో ఉందిగా బ్రో' అంటారు.

ఇక కేఫ్ గిగ్‌లు. పేరు చెప్పను, గచ్చిబౌలి వైపు ఒక చోట శుక్రవారం రాత్రి ఒప్పుకున్నా. మీ ఒరిజినల్స్ వినాలని ఉంది అన్నాడు ఓనరు ఫోన్లో. వెళ్ళి సౌండ్ చెక్ చేస్తుంటే మేనేజర్ వచ్చి చీటీ ఇచ్చాడు, అందులో పన్నెండు సినిమా పాటలు, చివర పెన్నుతో 'టైమ్ ఉంటే మీది ఒకటి'. నాది ఎనిమిదో పాట తర్వాత ఇరికించా. ముందు బల్ల దగ్గర బర్త్‌డే కేక్ కోస్తున్నారు, మధ్యలో హ్యాపీ బర్త్‌డే పాడమన్నారు, పాడా. మళ్ళీ నా రెండో చరణం ఎత్తుకున్నా. ఆ మూల కూర్చున్న ఒకమ్మాయి మాత్రం ఫోన్ తీసి బల్ల మీద బోర్లా పెట్టింది. ఆ రాత్రికి నాకు అది చాలు, కానీ అది చెబితే ఇంటద్దె తీసుకోరు కదా.

కాబట్టి నచ్చిన వాళ్ళకి మీరు చేయగలిగింది చెబుతా, గట్టు గారూ. లైక్ కొట్టడం కంటే ఎక్కడైనా టికెట్ పెట్టి పాడుతుంటే వెళ్ళండి. రవీంద్రభారతి నిండక్కర్లేదు, నలభైమంది వచ్చి మాట్లాడకుండా వింటే మాకు పండగే. మీ అపార్ట్‌మెంట్‌లో వినాయక చవితికి డీజేకి ఇచ్చే డబ్బులో సగం ఇచ్చినా నాలాంటివాళ్ళు ముగ్గురు ఎగురుకుంటూ వస్తారు. ఆ పీజీ పాట కుర్రాడి ఫోన్ నంబరు మీ దగ్గరుంటే నాకు పంపండి, మైకు, చిన్న సెటప్ నా గదిలో ఉన్నాయి, గొంతు, గిటార్ వరకు డబ్బులు అక్కర్లేదు.

డల్లాస్ అత్తయ్య:

ఇక్కడ పెద్ద తెలుగు సభలకి ప్రతిసారీ సినిమా సింగర్లే, సినిమా మ్యూజిక్ డైరెక్టర్లే. మూడు గంటల షో, చప్పుడుకి పక్కవాళ్ళ మాట వినపడదు, పిల్లలు నిద్రపోతారు. నేను తిట్టట్లేదు, ఖర్చు రాబట్టాలి వాళ్ళు. మేం కొన్ని కుటుంబాలం కలిసి ఇంట్లోనే చిన్న కచేరీలు పెట్టుకోవడం మొదలుపెట్టాం. సోఫాలు జరిపేసి కింద దుప్పట్లు పరుస్తాం, పులిహోర, పెరుగన్నం, డబ్బా ఒకటి తలుపు దగ్గర. ఇక్కడే ఉన్న తెలుగు పిల్లలు సొంతంగా రాసినవి పాడతారు, సగం తెలుగు సగం ఇంగ్లిష్, వచ్చీరాని ఒత్తులతో. ఒకమ్మాయి అమ్మమ్మతో వీడియో కాల్ గురించి పాట రాసి పాడింది, నాకు ఒత్తుల సంగతి గుర్తే రాలేదు.

ఇండియా నుంచి జానపద కళాకారులను పిలవాలంటే మాత్రం తలనొప్పి. విజిటర్ వీసా మీద వచ్చి డబ్బు తీసుకుని పాడకూడదు, సంప్రదాయ కళాకారులకి పీ-3 అని వేరే వీసా ఉంది, దానికి ఇక్కడి సంస్థ ముందుగా పిటిషన్ వేయాలి, లాయరు ఖర్చు. సినిమావాళ్ళకి అదంతా చూసుకునే మనుషులుంటారు. కిన్నెర వాయించే మనిషికి ఎవరు చూస్తారు? ఎవరికైనా ఈ పని చేసిన అనుభవం ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, నిజంగానే అడుగుతున్నా.

కీబోర్డు కిట్టయ్య:

ట్రాక్ సింగర్ గారూ, మీ పాట లింక్ ఇక్కడే పెట్టండి. బస్సులో ఇయర్‌ఫోన్ పెట్టుకుని విని చెబుతా, నచ్చకపోతే నచ్చలేదనే రాస్తా.

ట్రాక్ సింగర్:

పెట్టాను, ప్రొఫైల్లో ఉంది. నీడలో కరిగే లైను ఒకటి ఉందందులో, ముందే చెబుతున్నా.

రేడియో మావయ్య:

నాయనా ట్రాక్ సింగర్, నీ పాట విన్నాను. గొంతు బాగుంది, చరణం చివర ఊపిరి తొందరగా వదిలేస్తున్నావు. ఒక కోరిక. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు రేడియో కోసం రాసిన గీతాలు చాలా ఉన్నాయి, ఇప్పుడు పాడే దిక్కు లేదు. నువ్వు ఒకటి ఎత్తుకోకూడదూ?

ట్రాక్ సింగర్:

ఆశగానే ఉందండీ మావయ్య గారూ. అయితే పాడి నెట్‌లో పెట్టాలంటే హక్కుల సంగతి చూసుకోవాలి. కృష్ణశాస్త్రి గారు 1980లో పోయారు, మన చట్టం ప్రకారం రచయిత పోయాక అరవై ఏళ్ళు, అంటే 2040 ఆఖరు దాకా సాహిత్యం మీద హక్కు ఉంటుంది. వరస కట్టినవారిది వేరే, రేడియో రికార్డింగుది ఇంకో లెక్క. కుటుంబం వాళ్ళని అడిగి రాతపూర్వకంగా తీసుకుంటే పాడొచ్చు. వాళ్ళని ఎలా కలవాలో మీకు తెలిస్తే చెప్పండి, నేనే వచ్చి అడుగుతా.

పాలమూరు పోరడు:

అన్నా, అంత తిప్పలెందుకు, మా దిక్కు తత్వాలకు కాపీరైట్ లేదు, వీసా లేదు. శివరాత్రికి రా, తెల్లారెదాక భజన ఉంటది, గిటార్ తెచ్చుకో. పన్నెండు పాటల చీటీ ఎవ్వడియ్యడు.